మా ఊరి సినిమా హాలుని చంపింది టీవీయా, స్లాబు పన్నా?

బారువతీరం:
మాది శ్రీకాకుళం జిల్లా బారువ పక్క ఊరు, సముద్రం ఒడ్డు. నేల, బెంచీ, కుర్చీ టికెట్లతో నడిచిన రేకుల హాలు ఇప్పుడు జీడిపిక్కల గోదాము. టీవీ వచ్చాకే హాలు మూతపడిందంటారు అందరూ. నేనొప్పుకోను, చంపింది స్లాబు. 1984కి ముందు తెగిన టికెట్టు మీదే వినోదపు పన్ను. తర్వాత హాలంతా నిండితే ఎంత వస్తుందో లెక్కగట్టి దాని మీద శాతం వేశారు, అదే స్లాబు. పదిమందే కూర్చున్నా పన్ను మాత్రం హౌస్‌ఫుల్‌ది. వేట నిషేధం రోజుల్లో మా ఊళ్లో ఎవరి జేబులో డబ్బులుంటాయి?

పాత ఆపరేటరు:
తమ్ముడూ, అలాంటి హాళ్లలో ప్రొజెక్టరు వెలుగుకి కార్బన్ కడ్డీలు మార్చినవాణ్ణి. పంచాయతీ హాళ్లకి శాతం తక్కువ. పైగా సంక్రాంతికి నేల మీద ఎంతమందిని కుక్కినా పన్ను పెరగదు, ఓనర్లకి అది లాభమే. అసలు దెబ్బ ప్రింటుది. కొత్త సినిమా ముందు శ్రీకాకుళం, తర్వాత పలాస, సోంపేట, రీళ్లు అరిగాక మా వంతు. గీతలు పడి తెర మీద వాన కురుస్తున్నట్టున్నా చూసేవారు, వేరే దారి లేదు కనుక. సీడీలొచ్చాక మాకంటే ముందే సినిమా ఊళ్లోకి దిగిపోయేది. ఇక టికెట్టు ఎవడు కొంటాడు?

వలసబోటు:
ఇద్దరూ జనాన్ని మరిచిపోయారు. సెకండ్ షో చూసేది వేటకెళ్లే కుర్రాళ్లు. వాళ్లేరీ? ఆగస్టు వస్తే గుజరాత్‌లోని వెరావల్ రేవుకి వలస. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కింది మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే కదా, గుజరాత్ బోట్ల మీద పనిచేస్తూ. ఇంకోటి, బారువ అన్నా, నిషేధం రోజుల్లో డబ్బుల్లేవన్నావు. వలస వెళ్లినవాళ్లు చేతిలో డబ్బుతో ఇంటికొచ్చేది ఆ వేసవికే.

బారువతీరం:
మరి రెండు నెలల జనంతో ఏడాది పన్ను కట్టమంటావా? నువ్వు నా మాటే చెబుతున్నావు. ఆపరేటరు మాస్టారూ, ఆ పన్ను అంత తేలికైతే ఓనర్లు సుప్రీంకోర్టు దాకా ఎందుకెక్కారు? 1993లో ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఉద్దానం కొబ్బరి:
తుపాను సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. మా వైపు మూతపడ్డ హాలొకటి గోడలతో మిగిలింది. నడుస్తున్నా ఆ రోజుతో సరి.

పాత ఆపరేటరు:
నడుస్తుంటే రేకులు మళ్లీ వేయించేవారు. నా ప్రశ్నకి జవాబు చెప్పు తమ్ముడూ: 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, స్లాబు పోయింది. ఇప్పుడు తెగిన టికెట్టుకే పన్ను. మన తీరంలో ఆ తర్వాత తిరిగి తెరిచిన హాలొక్కటి చూపించు.

బారువతీరం:
చచ్చినవాడికి మందిస్తే లేస్తాడా? అప్పటికి తెర, ప్రొజెక్టరు అన్నీ డిజిటల్ అయ్యాయి, మళ్లీ పెట్టుబడి పెట్టేదెవరు? పైగా 2021 ఏప్రిల్లో టికెట్ రేట్లు ఖాయం చేస్తూ ప్రభుత్వం జీవో 35 ఇచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి 5, 10, 15 రూపాయలు. టీ కూడా రాదు.

పాత ఆపరేటరు:
ఆ రేట్లు ఏడాది లోపే, 2022 మార్చిలో మార్చారు. దాన్ని అడ్డం పెట్టుకోకు.

వలసబోటు:
ఇలా ఎంతసేపు? పాత డీసీఆర్ పుస్తకాలు, అంటే హాలు రోజువారీ వసూళ్ల లెక్కలు, ఎవరింట్లోనైనా ఉంటే ఫొటోలు పెట్టండి. ఖాళీ వారాల్లో వసూలెంత, పన్నెంత కట్టారో చూద్దాం. సీడీలు రాకముందువీ, వచ్చాకవీ రెండూ కావాలి.