బెంగళూరు పబ్‌లలో సీజనల్ బీరు, స్ట్రాంగ్ బీరు: డబ్బుకు తగ్గ విషయం ఉందా?

మారతహళ్లి మధు (చర్చ మొదలుపెట్టినది)

ఇందిరానగర్, కోరమంగల, వైట్‌ఫీల్డ్, ఎటు వెళ్లినా సెప్టెంబరు రాగానే బోర్డు మీద ‘ఆక్టోబర్‌ఫెస్ట్ స్పెషల్’ ఎక్కుతుంది. డిసెంబరులో ‘వింటర్ స్టౌట్’ అనే నల్లటి బీరు, వేసవిలో మామిడి బీరు. అన్నిటికీ మామూలు గ్లాసు కంటే రేటు ఎక్కువ. నా మాట సూటిగా చెప్తాను. డిసెంబరు రాత్రి కూడా 15 డిగ్రీల దగ్గరే ఆగిపోయే ఊళ్లో జర్మనీ వాళ్ల కాలాల లెక్క మనకెందుకు? ఇంకోటి, 7.5 శాతం ఆల్కహాల్ ఉన్న స్ట్రాంగ్ బీరే కావాలంటే వైన్ షాపులో సీసా చాలా తక్కువకు వస్తుంది. అదే శాతానికి పబ్‌లో అంత పెట్టడానికి కారణం ఉంటే చెప్పండి, వింటాను.

అనంతపురం కుర్రాడు

మధు అన్న మాటతో నేను ఏకీభవిస్తున్నా. మా వైపు షాపులో స్ట్రాంగ్ అడిగేవాళ్లే ఎక్కువ. లైట్ అడిగితే వింతగా చూస్తారు. స్ట్రాంగ్ అంటే కిక్కు, అంతే. దానికి ఒక చరిత్ర, ఒక స్టైలు అని పేర్లు పెట్టి రేటు పెంచడం నాకు నచ్చలేదు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు

తమ్ముడూ, శాతం ఒకటే అయినంత మాత్రాన బీరు ఒకటే కాదు. ఆ 7.5 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం.

షాపుల్లో దొరికే స్ట్రాంగ్ లాగర్లలో (లాగర్ అంటే చల్లగా పులియబెట్టే బీరు) చాలావాటికి బార్లీ మాల్ట్‌తో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో పాటు బియ్యం, మొక్కజొన్న, చక్కెర లాంటివి వాడతారు. బీరును పులియబెట్టే ఈస్ట్ ఆ చక్కెరను దాదాపు మొత్తం తినేస్తుంది. ఆల్కహాల్ పెరుగుతుంది, రుచి పెరగదు. అందుకే దాన్ని బాగా చల్లగా ఉంటేనే తాగగలం. గది వేడికి వస్తే గొంతులో మంట తెలుస్తుంది.

జర్మనీ వాళ్ల స్ట్రాంగ్ బీరు డాపెల్‌బాక్ సంగతి వేరు. మ్యూనిక్‌లో పాలనర్ మఠం సన్యాసులు 17వ శతాబ్దంలో చేసుకున్న చిక్కటి బీరు అది. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో గట్టి ఆహారం మానేసి ఇలాంటి బీరుతో గడిపేవారు. అంటే అది ముందు ఆహారం. జర్మనీ లెక్క ప్రకారం డాపెల్‌బాక్ అనిపించుకోవాలంటే పులియబెట్టకముందు ఆ మాల్ట్ రసం కనీసం 18 డిగ్రీల ప్లేటో ఉండాలి. అంటే బరువులో 18 శాతం మాల్ట్ నుంచి దిగిన చక్కెరలు, పిండి పదార్థాలే. మామూలు లాగర్ 11, 12 దగ్గర ఉంటుంది. ఒకే ట్యాంకుకు ఒకటిన్నర రెట్ల మాల్ట్ పోయాలన్నమాట. ఈస్ట్ తిన్నాక కూడా చాలా మిగులుతుంది. కాల్చిన బ్రెడ్డు అంచు రుచి, ఖర్జూరం తీపి వచ్చేది దాని వల్లే. పాలనర్ వాళ్ల డాపెల్‌బాక్ సాల్వేటర్ ఈ రోజుకీ 7.9 శాతమే. మన షాపు స్ట్రాంగ్‌కీ దానికీ శాతంలో పెద్ద తేడా లేదు, గ్లాసులో మాత్రం పోలికే లేదు.

అనంతపురం తమ్ముడు చరిత్ర ఎందుకన్నాడు. దేశంలోని ఒక పెద్ద బీరు కంపెనీ మొదలైంది మన దగ్గరే కదా. థామస్ లీష్మన్ అనే స్కాట్లండ్ ఆయన 1915లో దక్షిణాదిలోని కొన్ని చిన్న బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఆ చిన్న బ్రూవరీలు ఒక పెద్ద కంపెనీలో కలిసిపోయాయి, పోనుపోను దేశంలో ఎక్కువగా ఒకటే రకం చల్లటి లాగర్ మిగిలింది. దాదాపు వందేళ్ల తర్వాత మన బెంగళూరులో చిన్నవి మళ్లీ పుట్టాయి, సొంతంగా బీరు కాచుకునే పబ్‌ల రూపంలో. 2010లో ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో టాయిట్ వచ్చింది. 2012లో ఆర్బర్ వచ్చింది. అమెరికాలోని ఆన్ ఆర్బర్ ఊళ్లో 1995లో పెట్టిన అలాంటి పబ్‌కు ఇది ఇక్కడి కొమ్మ. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ నుంచే వస్తుందని మనలో చాలామందికి తెలిసింది ఈ తరం పబ్‌ల వల్లే. ఒక్క లాగర్ దగ్గరే ఆగిపోయిన ఊరికి అది చిన్న విషయం కాదు.

మారతహళ్లి మధు

పాతకాపు గారూ, స్ట్రాంగ్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ సీజన్ మాట దాటేశారు. ఆక్టోబర్‌ఫెస్ట్‌కు బెంగళూరుకు ఏం సంబంధం?

వైట్‌ఫీల్డ్ పాతకాపు

దాటేయలేదు మధూ, అక్కడ నీ వైపే సగం న్యాయం ఉంది. జర్మనీలో మ్యూనిక్ ఉన్న బవేరియాలో 1553లో ఒక ఆజ్ఞ వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయకూడదని. ఎండాకాలంలో కాస్తే పాడైపోయేది, పైగా మంటల భయం. అందుకని మార్చిలోనే కాస్త గట్టిగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచి, వేసవి అంతా తాగేవారు. మార్జెన్, అంటే ‘మార్చి బీరు’, పుట్టింది ఆ అవసరం నుంచి. 1810లో యువరాజు పెళ్లితో మొదలైన ఆక్టోబర్‌ఫెస్ట్‌కు ఆ బీరు తర్వాత జతపడింది. ఇప్పుడు ఆ పండగ డేరాల్లో పోసేది కూడా లేత రంగు బీరే, మార్జెన్ కాదు.

ఇక్కడ ప్రతి ట్యాంకు చుట్టూ చల్లబరిచే గొట్టాలు ఉంటాయి. మేలో అయినా లాగర్‌ను 10 డిగ్రీల దగ్గర పులియబెట్టవచ్చు. కాబట్టి కాలం వల్ల వచ్చిన బలవంతం ఇక్కడ లేదు. అయినా మార్జెన్ కాయమనే అంటాను, ఎందుకంటే అది మంచి బీరు. ఏడాదంతా కాయండి. పండగ పేరు చెప్పి నెల రోజులు అమ్మి మాయం చేయొద్దు.

చిత్తూరు శైలు

మీ ఇద్దరూ జర్మనీ దగ్గరే తిరుగుతున్నారు. సీజన్ అంటే చలి, వేడి ఒక్కటేనా? పంట సీజన్ కాదా? శ్రీనివాసపుర మామిడి బెంగళూరు మార్కెట్లోకి దిగేది మే, జూన్‌లో. చిక్కమగళూరు అరబికా కాఫీ కోత నవంబరు నుంచి. రాగులు ఇంటికి వచ్చేది కూడా అప్పుడే. ఇవి మన సీజన్లు. వీటి మీద ఎవరైనా క్యాలెండర్ పెడితే నేను రేటు గురించి మాట్లాడను.

కానీ మామిడి బీరు విషయంలో నాకు కోపమే. మా చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జు డబ్బాలకు ఎక్కుతుంది, ఏడాది పొడుగునా దొరుకుతుంది. ఒక పబ్‌లో ‘ఈ సీజన్ మామిడి’ అని పోశారు. ఏ పండు, ఎక్కడిది అని అడిగితే డబ్బా గుజ్జు అన్నారు. డబ్బా గుజ్జు తప్పు కాదు. సీజన్ అని రాయడమే తప్పు. ఇంకో సంగతి, పండులో చక్కెరను కూడా ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది వాసన, పులుపు. ఆ పులుపు బాగుండాలంటే పండు మంచిదై ఉండాలి. తియ్యగా జ్యూస్‌లా ఉందంటే తర్వాత తీపి కలిపారేమో అని అనుమానించాలి.

అనంతపురం కుర్రాడు

శైలు అక్కా, రాగి బీరు అంటున్నారు, అది నిజంగా కుదురుతుందా? రాగి సంకటి తిని పెరిగినవాణ్ణి, బీరులో రాగి అంటే నమ్మకం కుదరడం లేదు.

చిత్తూరు శైలు

ఎందుకు కుదరదు తమ్ముడూ? ఇంట్లో రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి రాగి మాల్ట్ పొడి చేస్తారు కదా. బార్లీ మాల్ట్‌కు చేసేది కూడా ఆ పనే. మొలకెత్తితే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఒడిశాలో కోరాపుట్ ఆదివాసులు రాగులతో లాందా అనే బీరు చేసుకుంటారు. హిమాలయాల వైపు కూడా రాగులు పులియబెట్టి తాగుతారు. బ్రూవరీకి ఉన్న కష్టం రెండు చోట్ల. రాగికి బార్లీలా పొట్టు ఉండదు, వడకట్టేటప్పుడు అడ్డుపడి జిగురుగా ఆగిపోతుంది. దాని పిండి ఉడకడానికి ఎక్కువ వేడి కావాలి, అందుకని విడిగా ఉడికించి కలపాలి. సగం బార్లీ, సగం రాగి పెడితే నడుస్తుంది.

మారతహళ్లి మధు

ఇది నచ్చింది. రాగితో 7 శాతం ముదురు బీరు, నవంబరులో, కోత మీద. దానికైతే డబ్బు పెడతాను. మరి ఎవరూ ఎందుకు సరిగ్గా చేయరు?

వైట్‌ఫీల్డ్ పాతకాపు

ట్యాంకు. గోధుమ బీరు రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తుంది. డాపెల్‌బాక్ సరిగ్గా కాస్తే నెలలు చల్లగా పడుకోబెట్టాలి. ఆ కాలంలో అదే ట్యాంకులో గోధుమ బీరు ఎన్నిసార్లు తిప్పవచ్చో లెక్క వేసుకో. పబ్ అద్దె వేరే. అందుకే స్ట్రాంగ్ బీరుకు రేటు ఎక్కువ ఉండటం నాకు న్యాయమే అనిపిస్తుంది. తొందరపడి మూడు వారాలకే పోసేసి అదే రేటు తీసుకుంటే మాత్రం అన్యాయం.

ఆల్కహాల్ శాతానికి పైన కూడా ఒక గీత ఉంది. ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లో బీరు అంటే 8 శాతం దాకానే. బెల్జియంలో వెస్ట్‌మాలే మఠం కాచే గట్టి బీరు ట్రిపెల్ 9.5. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా 1983 నుంచి చేస్తున్న బిగ్‌ఫుట్ బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా అదీ బీరే) 9.6. అవి ఇక్కడ ఆ బలంతో కాయలేరు. 8కి దించి ట్రిపెల్ అని బోర్డు మీద రాస్తే అది ఇంకో బీరు. కాబట్టి మన బ్రూవర్లకు మిగిలింది బాక్ (డాపెల్‌బాక్ కంటే కాస్త తేలిక), డాపెల్‌బాక్, గట్టి స్టౌట్. వాటిలోనే బాగా చేయవచ్చు.

అనంతపురం కుర్రాడు

8 గీత తీసేయాలనే అంటాను. వైన్ 12 ఉండొచ్చు కానీ బీరు ఉండకూడదా?

చిత్తూరు శైలు

దానికి నేను ఒప్పుకోను తమ్ముడూ. వైన్ చిన్న గ్లాసులో వస్తుంది, ఇక్కడ బీరు అరలీటరు మగ్గులో పోస్తారు. గీత తీయాలంటే ముందు స్ట్రాంగ్ బీరును చిన్న గ్లాసులో పోయడం నేర్చుకోవాలి, రేటు కూడా అలాగే పెట్టాలి. చాలా పబ్‌లు అది చేయడం లేదు. ఈసారి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ట్యాంకులో ఎన్ని వారాలు ఉంది, మొదట ఎన్ని డిగ్రీల ప్లేటో, పండో ధాన్యమో ఎక్కడిది. జవాబు చెప్పిన పబ్ పేరు ఇక్కడ రాయండి, మిగతావాళ్లం కూడా వెళ్తాం.