సంక్రాంతి పిండివంటల్లో నాలుగేళ్ల బాబుకు, ఏడేళ్ల పాపకు ఏ పని అప్పగించవచ్చు?

ప్రశ్న: ఎం.ఆర్.పల్లి ఇల్లాలు, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పాపకు ఏడేళ్లు నిండాయి, బాబుకు నాలుగు. పోయిన సంక్రాంతికి నేను అరిసెల పాకం పడుతుండగా బాబు పీట ఎక్కి గరిట అందుకోబోయాడు. వేలి కొసన ఒక చుక్క పడి బొబ్బ లేచింది. పెద్ద గాయం కాదు గానీ, ఆనాటి నుంచి మా అత్తగారు వంటింటి గడపకు అడ్డంగా ఒక కుర్చీ వేసి, పిల్లలను లోపలికి రానివ్వడం మానేశారు. ఆమె భయాన్ని నేను తప్పు పట్టలేను.

అయితే ఈ మధ్య బడిలో పండగ గురించి నాలుగు వాక్యాలు రాయమంటే, మా పాప "సంక్రాంతి అంటే సెలవులు, టీవీ, డబ్బాలో అరిసెలు" అని రాసుకొచ్చింది. అది చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. నా చిన్నప్పుడు పెద్దపండగ అంటే పది రోజుల ముందు నుంచే ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉండేది. అంగట్లో దొరికే అట్టముక్కల ఆటసామాను కొనిచ్చి చూశాను. ఒక పూట అంటించారు, మరుసటి పూటకు చెత్తబుట్టలో ఉంది.

ఉత్తుత్తి పనులు కాకుండా, పిల్లలు చేస్తేనే ఇంట్లో జరిగే నిజమైన పనులు ఈ వయసులో ఏమైనా ఉంటాయా? పిండివంటల్లో ఏ దశ వరకు వాళ్లను చేర్చవచ్చు? పేడ దొరకని ఇంట్లో గొబ్బెమ్మల మాట ఏమిటి? అనుభవమున్నవారు తెలుపగలరు.

జవాబు: పాకాల పెద్దమ్మ

అమ్మా, మీ అత్తగారు కుర్చీ వేసిన చోటు సరైనదే. కాకపోతే అది రోజంతా అక్కడ ఉండనక్కర్లేదు. అరిసెల పని దాదాపు రెండు రోజులది, అందులో పొయ్యితో సంబంధమున్నది రెండు గంటలు మాత్రమే. నేను ముగ్గురు మనవళ్లతో, ఒక మనవరాలితో ఏటా చేయిస్తున్నాను కనుక ధైర్యంగా చెబుతున్నాను.

మొదట బియ్యం కొలవడం. గ్లాసుతో కొలిచి పోయమని బాబుకే ఇవ్వండి. నాలుగేళ్ల వాడు ఐదు తర్వాత ఏడు అంటాడు. అననిచ్చి, అసలు లెక్క మీరు మనసులో పెట్టుకోండి. బియ్యం ఒక రోజంతా నానాలి, పొద్దున సాయంత్రం నీళ్లు మార్చాలి. ఆ నీళ్లు మార్చే సంగతి మీకు గుర్తు చేసే బాధ్యత పాపకు అప్పగించండి. మర్చిపోతే బియ్యం పులిసిన వాసన వస్తుందని కూడా చెప్పండి, అప్పుడు ఆ పని ఎందుకో తనకే తెలుస్తుంది.

మరుసటి రోజు నీళ్లు వంచి నీడన గుడ్డ మీద పరిచి, కాస్త చెమ్మ ఉండగానే మర పట్టించాలి. ఇక్కడే పిల్లలకు అసలైన పని ఉంది. పిండిని గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఈ పరీక్ష పిల్లల చేతికి పెద్దల చేతికన్నా బాగా తెలుస్తుందని నేను చాలాసార్లు గమనించాను. జల్లెడ పట్టడం, మిగిలిన నూకను వేరు చేయడం, చెమ్మ ఆరిపోకుండా పిండిని నొక్కి మూత పెట్టడం, ఇవన్నీ ఇద్దరూ కలిసి చేయగలరు. నేల మీద పాత దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. పిండి ఒలుకుతుంది, ఒలికితే ఒలకనివ్వండి.

ఇక పాకం. మా ఇంట్లో కిలో బియ్యానికి ముప్పావు కిలో చిత్తూరు బెల్లం వేస్తాం. ఆ గంట మాత్రం కుర్చీ గడప దగ్గరే ఉండాలి, పిల్లలు దానికి అవతలే ఉండాలి. అయినా పాపను పూర్తిగా బయటపెట్టనక్కర్లేదు. పాకం ముదిరిందో లేదో తేలేది చన్నీళ్ల పళ్లెంలో కదా! మీరు చుక్క వేసి, అది చల్లారాక పళ్లెం తనకు అందించండి. అడుగున పరుచుకుపోతే లేత, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కట్టిందంటే సిద్ధం. "అయింది" అని తను చెప్పాకే మీరు పిండి పోయండి. రెండుసార్లు అలా చెప్పిస్తే, మూడో ఏడు తననే అడగాల్సి వస్తుంది.

చలిమిడి గోరువెచ్చగా మారాక అరటాకు ముక్క మీద నెయ్యి రాసి, నువ్వులద్ది వత్తడం ఇద్దరి పని. బాబు వత్తినది గుండ్రంగా రాదు. దాన్ని సరిదిద్దవద్దు, వాడు తినేది అదే. నూనెలో వేయడం, చెక్కల మధ్య నొక్కి నూనె పిండడం మాత్రం పెద్దలవే. ఆ నొక్కేటప్పుడు కారే నూనె బాణలిలోని నూనె అంత వేడిగానూ ఉంటుంది, ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

ఇంకొక మాట. మొదటి ఏడాదే అరిసెల జోలికి పోకుండా నిప్పట్లతో మొదలుపెడితే మంచిది. కోస్తా వాళ్లు చెక్కలు అంటారే, అవే. పాకం గొడవ ఉండదు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, కరివేపాకు, కాస్త వెన్న కలిపి ఉండలు చేసుకుంటే, పాప తడిగుడ్డ మీద ఉండ పెట్టి గిన్నె అడుగుతో ఒత్తుతుంది. పిల్లలు తాకే పిండిలో కారం వేయకండి, ఆ చేతులు కళ్లలోకి వెళతాయి. వాళ్ల వాటా అయ్యాక మిగిలిన పిండిలో కలుపుకోండి.

జవాబు: విశ్రాంత నర్సు, చిత్తూరు

పెద్దమ్మ గారు చెప్పినదానికి కొద్దిగా చేరుస్తాను. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఉండపాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, పైగా చర్మానికి అతుక్కుని జారిపోదు. అందుకే ఒక్క చుక్కకే బొబ్బ లేచింది. అలా పడితే వెంటనే కుళాయి కింద ధారగా పారే మామూలు నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, పసుపు, సిరా, ఇవేవీ పెట్టకూడదు.

ఐదేళ్ల లోపు పిల్లలకు వేరుశనగలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వేరుశనగ ఉండలు చేస్తే బాబు వాటాకు పప్పును మెత్తగా పొడి కొట్టండి. భోగిపళ్లు పోసేటప్పుడు రేగుపళ్లతో పాటు చిల్లర నాణేలు, శనగలు కూడా కింద పడతాయి. వేడుక ముగిసిన వెంటనే వాటిని ఏరించండి. ఆ ఏరే పని పాపకు ఇవ్వవచ్చు.

జవాబు: చిత్తూరు బడిపంతులు

మీ పాప రాసిన వాక్యం చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత మా తరగతి పిల్లలు రాసినవి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

గొబ్బెమ్మల విషయంలో రెండు దారులున్నాయి. పాలు పోసేవారిని ముందుగా అడిగితే పేడ దొరకడం తిరుపతిలో ఇప్పటికీ అంత కష్టం కాదు. చేతికి గాట్లు లేకుండా చూసి, గోళ్లు కత్తిరించి, పని అయ్యాక సబ్బుతో కడిగిస్తే చాలు. అది కుదరకపోతే కుమ్మరి దగ్గర బంకమన్ను తెచ్చుకోండి. మన్నుతో చేస్తే గొబ్బెమ్మ కాదని అనేవారు ఉంటారు. కానీ పిల్లవాడి చేతికి కావలసినది పిసకడం, గుండ్రంగా చుట్టడం, నడినెత్తిన వేలితో గుంత చేసి గుమ్మడిపువ్వు నిలబెట్టడం. ఆ మూడూ మన్నులో ఇంకా బాగా కుదురుతాయి, ఆరాక దాచుకోవచ్చు కూడా. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజులూ రోజుకొక గొబ్బెమ్మ చేయించండి. ఒక్కరోజే ఇరవై చేయిస్తే మీకూ విసుగు, వాళ్లకూ విసుగు.

ముగ్గు విషయంలో నేల మీద మొదలుపెట్టకండి. ముందు పలక మీద సుద్దతో 3 చుక్కలు 3 వరుసలు, తర్వాత 5 చుక్కలు 5 వరుసలు. బాబు చుక్కలు పెడతాడు, పాప కలుపుతుంది. ఒక వారం తర్వాత గుమ్మం ముందు నేల తడిపి, బియ్యప్పిండి ఇవ్వండి. చీమలు వచ్చి తింటుంటే అది కూడా చూడదగినదే. రంగులకు అంగడి పొడుల బదులు పసుపు చాలు. తడి పసుపులో చిటికెడు వంటసోడా కలిపితే పసుపు కాస్తా నారింజ ఎరుపుకు తిరుగుతుంది. పారాణికి పెద్దలు వాడే సున్నం ఇదే పని ఇంకా గాఢంగా చేస్తుంది గానీ, అది కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లలకు వంటసోడానే మేలు.

ఇక మీరు అడగని సంగతి ఒకటి. చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేటలో కనుమ నాడు జరిగే పశువుల పండగ గురించి మీకు తెలిసే ఉంటుంది. ఎద్దుల కొమ్ములకు దేవుళ్ల బొమ్మలు, సినిమా నటుల బొమ్మలు ఉన్న చెక్క పలకలు కట్టి వదులుతారు, యువకులు వాటిని చేజిక్కించుకోవడానికి వెంటపడతారు. ఆ గుంపులోకి చిన్నపిల్లలను తీసుకెళ్లమని నేను చెప్పను. కానీ ఇంట్లో పాత అట్టపెట్టెను పలకలా కత్తిరించి, పాప చేత ఇష్టమైన బొమ్మ వేయించి, అంచులకు రంగుకాగితం అంటించి, నులకతాడు కడితే మంచి చేతిపని అవుతుంది. మా తరగతిలో ఒకడు దాని మీద వాళ్ల తాత బొమ్మ గీశాడు. ఎద్దు ఎవరంటే ఎవరూ ముందుకు రాలేదు, చివరికి నేనే కావలసి వచ్చింది.

జవాబు: కాళహస్తి కలం

పంతులు గారు పసుపు మాట ఎత్తారు కనుక నలుపు మాట నేను చెబుతాను. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని ఉంది. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దుతారు, మా దగ్గర చేత్తో గీస్తారు. మా కాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మా కలం వెదురుపుల్లే. కొసను చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తాం. ఉన్ని రంగును పీల్చి ఉంచుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ కొసకు దిగుతుంది. ఏడేళ్ల పాప చేతికి ఇది బ్రష్షు కన్నా తేలిగ్గా లొంగుతుంది. కొస మరీ వాడిగా లేకుండా చూడండి. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతాం; పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నలుపు రంగు తయారు చేయడానికి ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడతాం. చూడటానికి ఆ నీళ్లలో పెద్దగా నలుపేమీ ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీసిన తర్వాతే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలవడమే దానికి కారణం.

పండగకు ఇన్ని వారాలు లేవు కాబట్టి దగ్గరి దారి చెబుతాను. గాజుసీసాలో నాలుగు ఇనుపమేకులు వేసి, మునిగేలా వినెగర్ పోసి, మూత వదులుగా పెట్టి, పిల్లలకు అందనంత ఎత్తున వారం రోజులు ఉంచండి. ఈ పని మీరే చేయండి, సీసా మీద "తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాయండి. మందపాటి కాగితాన్ని పాలు పోయని చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టే పని పిల్లలది. టీలోనూ ఆ వగరు ఉంటుంది. వారం తర్వాత సీసాలోని నీటిని చిన్న మూతలో కొద్దిగా పోసి, మీరు పక్కన కూర్చుని పాప చేత గీయించండి. దాదాపు రంగులేని గీత కళ్ల ముందే నల్లబడుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ కాగితాలనే అరిసెలు పంచే పొట్లాలకు చీటీలుగా కట్టవచ్చు, తినుబండారానికి తగలకుండా బయటివైపు మాత్రమే. బాబుకు సీసా నీళ్లు వద్దు, టీ నీళ్లు చాలు.

మళ్లీ: ఎం.ఆర్.పల్లి ఇల్లాలు

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను మా అత్తగారికి చదివి వినిపించాను. "కుర్చీ సరైన చోటే ఉంది" అన్న మాట దగ్గర ఆమె నన్ను ఆపి రెండోసారి చదివించారు. ఆ తర్వాత తామే పాత దుప్పటి వెతికి ఇచ్చారు.

ఆదివారం పావుకిలో బియ్యంతో చేసి చూశాం. పిడికిలి పరీక్ష బాబుకు ఎంత నచ్చిందంటే, పిండి అయిపోయాక ఉప్పుతో, చక్కెరతో కూడా చేసి చూశాడు. పాప పళ్లెం ముందు కూర్చుని "అయింది" అని చెప్పింది, నేను పిండి పోశాను. వత్తడం వరకు అంతా బాగానే జరిగింది గానీ, నూనెలో వేసిన మొదటి రెండు అరిసెలు విచ్చిపోయాయి. తనదే తప్పని పాప ముఖం చిన్నబుచ్చుకుంది. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది, పెద్దమ్మ గారూ? మిగిలిన చలిమిడి డబ్బాలో ఉంది.

జవాబు: పాకాల పెద్దమ్మ

పాకం ఒక్క క్షణం లేతగా ఉన్నప్పుడు దించారమ్మా. ఉండ కట్టింది గానీ వేళ్ల మధ్య ఇంకా జారుతూ ఉండి ఉంటుంది. మిగిలిన చలిమిడిలో రెండు మూడు చెంచాల బియ్యప్పిండి కలిపి బాగా మర్దించి, ఒక్కటి మాత్రం వేసి చూడండి. నిలిస్తే మిగతావి వేయండి. పాపకు చెప్పండి, నా పెళ్లయిన ఏడు నా పాకం కూడా అలాగే విచ్చిపోయింది, అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఈసారి ఉండను నీళ్లలోంచి తీసి పళ్లెం అంచున పెట్టి, పది లెక్కపెట్టమనండి. జారకుండా అక్కడే కూర్చుంటే అప్పుడు "అయింది" అనాలి.