ముడత రేకా, జింకు రేకా?

ప్రశ్న: రైలు మోడళ్ల పక్కన పెట్టే ఇనుపరేకుల కట్టడాల గురించి తెలుగులో రాస్తున్నాం. ‘కరుగేటెడ్ ఐరన్’ను ‘ముడతలు పడ్డ ఇనుము’ అనవచ్చా? ఇంగ్లండులోని బిర్చిన్లీ ఊరికి ఉన్న ‘టిన్ టౌన్’ పేరును ‘తగరపు పట్టణం’ అందామా?

జవాబు: రెండూ వద్దండి. ముడతలు పడేది చొక్కా, చర్మం. ఈ రేకుకు బలమే దానిమీద వరుసగా ఉండే అలలు. 1829లో లండన్ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ పేటెంటు తీసుకున్నది వాటికే. మన దుకాణంలో ‘జింకు రేకు’ అంటే చాలు, అలలున్నదే ఇస్తారు. చదునుది కావాలంటేనే ‘ప్లెయిన్ షీటు’ అని విడిగా అడగాలి. ఇక పూత తగరం కాదు, తుత్తునాగం, అంటే జింకే. ‘రేకుల ఊరు’ అనండి, హాయిగా ఉంటుంది.

మరో జవాబు: ‘రేకుల ఊరు’ నాకూ నచ్చింది. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో హౌడెన్, డెర్వెంట్ ఆనకట్టలు కట్టిన కూలీల కోసం 20వ శతాబ్దం మొదట్లో వెలిసిన ఊరది. ఇళ్లు, బడి, ఆసుపత్రి, పబ్ అన్నీ రేకులవే. ఆనకట్టల పనికి బామ్‌ఫర్డ్ నుంచి ప్రత్యేకంగా రైలుమార్గం కూడా వేశారు కాబట్టి మోడల్‌కు చక్కటి వస్తువు. అక్కడి పబ్‌ను ‘క్యాంటీన్’ అనేవారు. తెలుగులో ఆ మాట వాడితే ఇడ్లీ, టీ గుర్తొస్తాయి. ‘పబ్’ అనే రాసి, కూలీలు కూర్చుని బీరు తాగే చోటని ఒకసారి చెప్పండి. లేకపోతే హైదరాబాదు పాఠకులు డీజే అనుకుంటారు.

మరో జవాబు: ‘రేకు’ను మాత్రం వదలకండి. పువ్వు రేకు, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకు, ఇంటిమీది రేకు, అన్నిటిలోనూ ఉన్నది పలచదనం. మోడల్ చెడేది కూడా అక్కడే. 1:76 స్కేల్లో, అంటే అసలులో 76వ వంతు సైజులో, అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వాడితే, చూరు దగ్గర అది నాలుగు సెంటీమీటర్ల మందం పలక లాగా కనిపిస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ వాడండి.

అసలు రేకులో అలకూ అలకూ మధ్య మామూలుగా 3 అంగుళాలు, అంటే ఈ స్కేల్లో 1 మి.మీ. మామూలు ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు మరకు కూడా సరిగ్గా అంతే ఎడం! ఫాయిల్‌ను రబ్బరు షీటు మీద పరిచి, పొడవాటి మర కడ్డీని తేలిగ్గా దొర్లించండి. గట్టిగా నొక్కితే అల లోతైపోయి రంపం పళ్లలా తేలుతుంది. మర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గీతలు దాదాపు 3 డిగ్రీలు పక్కకు పోతాయి. ఫాయిల్ అంచును నమ్మి కోస్తే 32 మి.మీ. పొడవులో 2 మి.మీ. దాకా వంకర వస్తుంది. పడిన గీత వెంటే కోయండి.

ఒక్కో ముక్క 32 మి.మీ. పొడవు (8 అడుగులు), కనిపించే వెడల్పు 8 మి.మీ. పక్క రేకు కింద దూరడానికి ఒకటిన్నర అల అదనంగా వదలండి. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు వెళ్లాలి, పై వరుస కింది దానిమీద 2 మి.మీ. ఎక్కాలి. గోడలకైతే అలలు నిలువుగా ఉండాలి. సూపర్ గ్లూ గాడుల్లోకి పాకి అలల్ని పూడ్చేస్తుంది, రెండువైపులా అంటుకునే పల్చటి టేపు మేలు. రంగుకు ముందు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే తొలిపూత) కొట్టకపోతే గోరు తగిలినా పెచ్చులూడుతుంది.

ప్రశ్న వేసినవారు: అయితే ‘అలల జింకు రేకు’ అని ఒకసారి రాసి, ఆ తర్వాత ‘రేకు’ అంటాం. ఇంటి కొప్పును కప్పే ‘రిడ్జ్ క్యాప్’కు ‘కొప్పు రేకు’ సరిపోతుందా?

జవాబు: భేషుగ్గా. చూరు, వాసం కూడా అలాగే ఉంచండి.