ఆస్ప్రే గూడు, పిల్లల ఫొటోలు: న్యూజెర్సీలో ఎప్పుడు వెళ్ళాలి, కారు ఎటు ఆపాలి?

ఎడిసన్_లెన్స్:
అందరికీ నమస్కారం. ఫోర్సైత్ రెఫ్యూజీలో (వన్యప్రాణుల రక్షిత ప్రాంతం) బ్రిగాంటీన్ వైపున్న వైల్డ్‌లైఫ్ డ్రైవ్ అనే కారు దారి మీద ఒక ఆస్ప్రే (చేపలు పట్టే గద్ద) గూడు ఉంది, చిత్తడిలో స్తంభం మీద. ఇది జూన్ మొదటి వారం. ఆడపక్షి గూట్లోనే ఉంటోంది, మధ్యమధ్య తల లోపలికి వంచుతోంది. పిల్లలు పుట్టినట్టేనా? నా దగ్గర 200-600 లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఫొటోల్లో పక్షి నల్లగా వస్తోంది, లేదంటే ఫోకస్ పుల్లల మీదికి పోతోంది. పదకొండు దాటాక తీసినవి నీళ్ళలోంచి చూసినట్టున్నాయి. మగపక్షి చేప తెచ్చి దిగేటప్పుడు ప్రతిసారీ వీపే దొరుకుతోంది. ఇంకా దగ్గరికి పోవచ్చా?

చిత్తడి_గద్ద:
వంచిన తల పైకెత్తి, కాసేపాగి మళ్ళీ వంచుతోందంటే పిల్లలున్నట్టే. గుడ్ల మీదున్న పక్షి చాలాసేపు కదలదు. లేచినా గుడ్లు తిప్పి సర్దుక్కూర్చుంటుంది. పిల్లలున్న తల్లి చేపను కాలి కింద తొక్కిపట్టి, గోరంత ముక్క చీల్చి, మెడ పక్కకి తిప్పి ముక్కు కొసతో అందిస్తుంది. అలా అందించడం ఒక్కసారి చూశారంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక్కడికి ఇవి మార్చి రెండో సగంలో వస్తాయి. ఏప్రిల్‌లో గుడ్లు, మామూలుగా మూడు. పొదగడానికి 38 రోజులు, అటూ ఇటూగా. మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలన్నీ ఒకే రోజు రావు. చేప తగ్గితే పెద్దది చిన్నదాన్ని పొడిచి మూలకి నెడుతుంది, చిన్నది చచ్చిపోవడమూ ఉంటుంది. అది చూసి జాలిపడి ఎవరూ చేప పట్టుకుని గూటి దగ్గరికి పోవద్దు.

గూడు మన కంటికి పైన ఉంటుంది, మధ్యలో గుంత. అందుకే మొదటి రెండు మూడు వారాలు తల్లి తప్ప ఏమీ కనపడదు. పది పన్నెండు రోజులకి లేత నూగు పోయి బొగ్గు రంగు నూగు వస్తుంది, అచ్చం తొండపిల్లల్లా ఉంటాయి. మూడు వారాలు దాటాక తలలు అంచు మీదికి లేస్తాయి. ఆరు వారాలకి రెక్కలు టపటపలాడిస్తాయి, ఏడో వారంలో గాలికి ఎదురు నిలబడి అడుగెత్తు లేచి మళ్ళీ అక్కడే దిగుతాయి. 50-55 రోజులకి ఎగురుతాయి. కాబట్టి మీకు జూన్ చివరి నుంచి జులై మూడో వారం దాకా పండగే. ఎగిరాక కూడా కొన్ని వారాలు తిండికి గూటికే వస్తాయి. అప్పుడు పిల్ల ఏదో పెద్దదేదో తెలియాలంటే కళ్ళు చూడండి: పిల్లలవి నారింజ ఎరుపు, పెద్దవాటివి పసుపు. పిల్లల వీపు మీద ప్రతి ఈకకీ తెల్లటి అంచు ఉంటుంది, జొన్నలు చల్లినట్టు.

గురి_600:
వీపే దొరకడం లెన్స్ తప్పు కాదు, గాలి సంగతి. ఆస్ప్రే గాలికి ఎదురుగా దిగుతుంది. గాలి మీ వీపు మీంచి గూటి వైపు వీస్తుంటే పక్షి మొహం మీ వైపు ఉంటుంది. ఎండ కూడా మీ వెనకే ఉండాలి కాబట్టి పొద్దున తూర్పు గాలి ఉన్న రోజు గూటికి తూర్పున ఆగండి. పడమటి గాలి ఉంటే పొద్దున నిద్రపోండి, సాయంత్రం పడమటి వైపు నుంచి తీయండి. డ్రైవ్ 8 మైళ్ళు, ఒకవైపే వెళ్ళాలి, వెనక్కి తిప్పడం కుదరదు. బయల్దేరే ముందే గాలి చూసుకుని ఏ మలుపులో ఆగాలో అనుకోండి.

నల్లగా రావడానికి కారణం వెనకున్న ఆకాశం. కెమెరా ఆ వెలుగుని కొలిచి పక్షిని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు సవరణ) +1 పెడితే సరిపోతుంది కానీ, అదే పక్షి కిందికి దిగి గడ్డి ముందుకి రాగానే తల మీది తెలుపు పేలిపోతుంది. ఎండ నిలకడగా ఉంటే మాన్యువల్‌కి వెళ్ళి, ఐఎస్ఓ కూడా మీరే ఒక అంకె దగ్గర ఖాయం చేయండి, ఆటో వద్దు. ఎండ పడిన రొమ్ము మీద ఒకటి తీసి, హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫ్) కుడి అంచుకి తగలకుండా చూసుకోండి. షట్టర్ వేగం ఎగిరేటప్పుడు 1/2500, తిండి పెట్టేటప్పుడు 1/800 చాలు.

ఫోకస్: గూటి మీద కూర్చున్నప్పుడు ఫ్రేమ్ మొత్తానికీ కన్ను వెతికే మోడ్ పెడితే పుల్లలే దొరుకుతాయి. చిన్న సింగిల్ పాయింట్ తల మీద పెట్టండి. ఎగిరే మగపక్షికి మాత్రం జోన్ ట్రాకింగ్. లెన్స్ మీది ఫోకస్ లిమిటర్ (ఎంత దూరంలో వెతకాలో చెప్పే స్విచ్) దూరానికి తిప్పండి. మగది రాక ముందే తెలుస్తుంది: ఆడపక్షి ఒకే దిక్కు చూస్తూ ఆగకుండా కీచుకీచుమంటూ తిండి అడగడం మొదలుపెడుతుంది. అప్పుడు వేలు బటన్ మీద ఉండాలి. తల లేని చేప తెస్తే ఆశ్చర్యపోకండి, మగది తన వాటా తినే వస్తుంది.

నీళ్ళలోంచి చూసినట్టు ఉండేది వేడి గాలి. దానికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. ఇంకో పొరపాటు: ఏసీ కారులోంచి తీస్తే చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలిసి అదే గొడవ చేస్తాయి. ఇంజిన్, ఏసీ ఆపి, అద్దం దించి పది నిమిషాలు ఆగండి. కారులో ట్రైపాడ్ దండగ. పాత దిండు గలీబులో రెండు మూడు కిలోల బియ్యం పోసి కిటికీ మీద పెట్టుకోండి. నిండా పోయకండి, ముప్పావు చాలు, లేకపోతే లెన్స్ దిగదు, జారుతుంది.

జులైలో అక్కడ జోరీగలు చంపుతాయి, గ్రీన్‌హెడ్ అంటారు. దోమల మందుని పెద్దగా లెక్కచేయవు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గూటి వైపు అద్దం ఒక్కటే దించండి.

ఉప్పుగడ్డి:
దగ్గరికి పోవచ్చా అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. పోవద్దు. ఆ పక్షులు రోజూ కార్లు చూసి అలవాటు పడ్డాయి, తలుపు తీసి దిగిన మనిషికి కాదు. కారే మీ మాటు. నడిచి చూసే గూడైతే 300 అడుగులు నా లెక్క, ఆ దూరంలో కూడా పక్షి మాటే ఆఖరు మాట. తల్లి మెడ నిటారుగా చాచి మిమ్మల్నే చూస్తూ ముక్కలు ముక్కలుగా అరుస్తోందంటే అక్కడే ఆగండి. లేచి మీ నెత్తిన తిరుగుతోందంటే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే వెనక్కి రండి. అయితే అరిచినప్పుడల్లా మీ వల్లే అనుకోనక్కర్లేదు, చూపు ఎటుందో చూడండి. ఆకాశం వైపైతే బాల్డ్ ఈగల్ అనే పెద్ద గద్ద వచ్చి ఉంటుంది.

ఎందుకింత పట్టింపంటే, ఈకలు రాని పిల్లలకి తల్లి రెక్కే గొడుగు. ఎండలో కాసేపు వదిలినా వడదెబ్బ, వానలో వదిలితే చలి. డీడీటీ అనే పురుగుమందుతో గుడ్డు పెంకులు పల్చబడి 1970ల్లో రాష్ట్రం మొత్తం మీద 50 గూళ్ళ దాకా పడిపోయిన పక్షి ఇది. 2025లో రాష్ట్రం ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు కదా అంటారు కొందరు. వీటిని కాపాడే అమెరికా వలస పక్షుల చట్టం 1918 నుంచి ఉంది, అది పోలేదు. రెఫ్యూజీలో డ్రోన్ ఎగరేయడం కూడా నిషేధమే. గూట్లో ఫిషింగ్ లైన్ పిల్ల కాలికి చుట్టుకుని కనపడితే ఫొటో తీసి, గూడు ఎక్కడుందో రెఫ్యూజీ ఆఫీసులో చెప్పండి, మీరు ఎక్కకండి.

కాకినాడ_కెమెరా:
ఇదే కదా మన కొరమీను గద్ద? కోరింగలో పిల్లల్ని చూడొచ్చా అండీ?

చిత్తడి_గద్ద:
అదే అండీ, కానీ మన తీరంలో గూడు కట్టదు, చలికాలపు చుట్టం. అక్టోబర్ నుంచి మార్చి దాకా వెళ్ళండి, వేట ఫొటోలు బాగా దొరుకుతాయి. వేసవిలో ఒకటీ అరా కనిపిస్తే అది ఇంకా జత కట్టే వయసు రాని పక్షి అయ్యుండొచ్చు, ముందటేడు పుట్టినవి చలికాలం గడిపిన చోటే ఉండిపోతాయి.

ఎడిసన్_లెన్స్:
శనివారం పొద్దున తూర్పు గాలి చూపిస్తోంది. ఒక పక్షి కాలికి ఎర్ర పట్టీ కూడా ఉంది, అదేంటి?

ఉప్పుగడ్డి:
న్యూజెర్సీ తీరంలోని బార్నెగాట్ బేలో పిల్లగా ఉన్నప్పుడు వేసింది అయ్యుంటుంది. దాని మీద తెల్లగా రెండు అంకెలూ ఒక అక్షరమూ ఉంటాయి. కాళ్ళు చాచి దిగే క్షణంలోనే చదవడానికి దొరుకుతుంది, అందుకే దిగేటప్పుడు బరస్ట్ (వరసగా ఫొటోలు తీయడం) ఆపకండి. అంకె చదవగలిగితే తేదీ, చోటు రాసి కన్సర్వ్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్‌కి పంపండి.