ఒక మిక్సర్, రెండు ఆంప్లిఫయర్లు, మూడు చోట్ల స్పీకర్లు: సిగ్నల్‌ను ఎక్కడ చీల్చాలి?

గుడిమైకు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కోనసీమలోని మా ఊరి రామాలయంలో మైకు సెట్టు బాధ్యతను రెండేళ్ళుగా నేను చూస్తున్నాను. శ్రీరామనవమి కల్యాణానికి మండపంలోను, బయట పందిరిలోను, అన్నదానం షెడ్డులోను ఒకేసారి వినిపించేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. మండపంలో రెండు కాలమ్ స్పీకర్లు, పందిరిలో మరో రెండు ఉన్నాయి. నాలుగూ 8 ఓముల స్పీకర్లే. ఈ నాలుగింటినీ రెండు చానెళ్ళ పవర్ ఆంప్లిఫయర్‌లోని ఎడమ చానెల్‌కే పక్కపక్కన కలిపాను. దాని వెనుక చానెల్‌కు కనీసం 4 ఓములు అని రాసి ఉంది. మిక్సర్ నుంచి ఎడమ అవుట్‌పుట్ ఒక్కటే తెచ్చుకున్నందువల్ల కుడి చానెల్ ఖాళీగా ఉంది. అరగంట గడిచేసరికి ఆంప్లిఫయర్ చేయి పెట్టలేనంతగా వేడెక్కి, ఎర్ర దీపం వెలిగి ఆగిపోతున్నది.

షెడ్డు మండపానికి 45 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ 250 వాట్ల పీఏ (పబ్లిక్ అడ్రస్, అంటే జనసమూహానికి వినిపించే) ఆంప్లిఫయర్ పెట్టి, దాని 100 వోల్టుల (దూరపు స్పీకర్లకు ఎక్కువ వోల్టేజితో పంపే) టెర్మినల్‌కు గోడలకు బిగించిన ఆరు స్పీకర్లను కలిపాను. ఒక్కొక్కటి 10 వాట్లది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంది. ముందుగా మండపంలోని ఆంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ళ నుంచే తీగ లాగి షెడ్డులోని ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో పెట్టాను. గొంతు పగిలిపోయి వినిపించింది. తరువాత మిక్సర్ నుంచి తీగ లాగితే మాట బాగుంది కానీ, ఎవరూ మాట్లాడనప్పుడు కూడా గుయ్యిమనే శబ్దం ఆగడం లేదు.

ఇంకా రెండు సందేహాలున్నాయి. గోపురం దగ్గర 16 ఓముల, 40 వాట్ల యూనిట్లున్న రెండు బాకాలను కూడా ఆ 100 వోల్టుల లైనుకే కలపవచ్చునా? ఫోన్‌లోని మంత్రాల రికార్డింగును మిక్సర్‌లోని మైకు చానెల్‌కు ఇస్తే సన్నాయి, డోలు వినిపిస్తున్నాయి గాని, పురోహితుడి గొంతు దాదాపు మాయమవుతున్నది. ఇది ఎందువల్ల?

తీగలపెట్టె:

గుడిమైకు గారూ, మీ ఇబ్బందులలో ఎక్కువ భాగం సిగ్నల్‌ను చీల్చిన చోటులోనే ఉన్నాయి. సిగ్నల్‌ను ఆంప్లిఫయర్‌కు ముందు, అంటే మిక్సర్ అవుట్‌పుట్ దగ్గర చీల్చాలి. ఆంప్లిఫయర్ దాటిన తరువాత అది సిగ్నల్ కాదు, శక్తి అనుకోండి. 4 ఓముల లోడుకు 100 వాట్లు ఇస్తున్న ఆంప్లిఫయర్ టెర్మినళ్ళ మధ్య 20 వోల్టులుంటాయి. ఒక వోల్టు లోపు ఆశించే ఇన్‌పుట్‌కు 20 వోల్టులిస్తే గొంతు పగలక తప్పదు, ఒక్కోసారి ఇన్‌పుట్ భాగమే కాలిపోతుంది. ఆ తీగను మళ్ళీ ఎప్పుడూ వాడకండి.

మిక్సర్ ఒక అవుట్‌పుట్‌ను రెండు మూడు ఆంప్లిఫయర్లకు పంచితే సిగ్నల్ పలచబడుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. నీళ్ళ గొట్టానికి రెండు కొమ్మలు పెడితే ఒత్తిడి తగ్గినట్టు ఇక్కడ జరగదు, ఎందుకంటే ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ తీసుకునే కరెంటు అతి స్వల్పం. మిక్సర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓములలో కొలుస్తారు) 150 ఓములు, ఒక్కో ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 20,000 ఓములు అనుకుందాం. నాలుగు ఆంప్లిఫయర్లను సమాంతరంగా కలిపినా మొత్తం 5,000 ఓములవుతుంది; అప్పుడు తగ్గే స్థాయి పావు డెసిబెల్ మాత్రమే, అది చెవికి తెలియదు. కనుక ఒక అవుట్‌పుట్ నుంచి రెండు ఇన్‌పుట్‌లకు వై కేబుల్ (ఒక కొస రెండుగా చీలే తీగ) నిశ్చింతగా వాడవచ్చు. చాలా పవర్ ఆంప్లిఫయర్ల వెనుక ఉండే లింక్ సాకెట్టు చేసే పని కూడా ఇదే.

అదే వై కేబుల్‌ను తిరగేసి రెండు అవుట్‌పుట్‌లను ఒక ఇన్‌పుట్‌లో కలపడం మాత్రం తప్పు. అప్పుడు ఒక అవుట్‌పుట్ రెండవదానికి లోడై కూర్చుంటుంది. రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి శబ్దం చెడుతుంది. ఇక రెండు ఆంప్లిఫయర్ల స్పీకర్ టెర్మినళ్ళను ఒకే స్పీకర్‌కు కలిపితే శబ్దంతో పోదు, ఆంప్లిఫయర్లే పోతాయి.

వేడెక్కడానికి కారణం మీరు రాసిన లెక్కలోనే ఉంది. రెండు 8 ఓముల స్పీకర్లు సమాంతరంగా ఉంటే 4 ఓములు, నాలుగైతే 2 ఓములు. కనీసం 4 కావాలన్న చానెల్‌ మీద 2 ఓముల లోడు పడి, అది మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు ఇవ్వవలసి వస్తున్నది, పక్కన కుడి చానెల్ ఖాళీగా ఉంది. మండపం స్పీకర్లు రెండింటిని ఎడమ చానెల్ మీద ఉంచి, పందిరి స్పీకర్లు రెండింటిని కుడి చానెల్‌కు మార్చండి. ఆంప్లిఫయర్ వెనుక స్టీరియో, ప్యారలల్, బ్రిడ్జ్ అనే స్విచ్ ఉంటే ప్యారలల్ మీద పెట్టండి. ఒకే సిగ్నల్ రెండు చానెళ్ళకూ వెళుతుంది. స్విచ్ లేకపోతే వై కేబుల్ చాలు. పందిరి వాల్యూమును విడిగా పెంచుకొనే వీలు కూడా దీనితో వస్తుంది. బ్రిడ్జ్ (రెండు చానెళ్ళను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) జోలికి మాత్రం వెళ్ళకండి, ఆ పద్ధతిలో ఉండవలసిన కనీస ఓములు రెట్టింపవుతాయి.

మరొక మాట. గుడిలో ఎడమ సిగ్నల్ ఒక స్పీకర్‌కు, కుడి సిగ్నల్ మరొక స్పీకర్‌కు ఇవ్వడం నాకు సరి అనిపించదు. సన్నాయి ఒక వైపు, డోలు ఒక వైపు ఉన్న రికార్డింగు వేస్తే మండపంలో కూర్చున్నవారికి సన్నాయి, పందిరిలో ఉన్నవారికి డోలు మాత్రమే చేరతాయి. మిక్సర్‌కు మోనో (ఎడమ, కుడి కలిసిన) అవుట్‌పుట్ ఉంటే దానినే అన్ని చోట్లకూ పంపండి.

వందవోల్టులు:

తీగలపెట్టె గారు చెప్పినవాటితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను బాకాల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఆ పొరపాటు వల్ల కాలిపోయిన యూనిట్లను చాలా చూశాను.

బాకాలను ఇప్పుడున్నట్టుగానే 100 వోల్టుల లైనుకు కలపకండి. వోల్టేజి వర్గాన్ని ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి. 100ను 100తో హెచ్చించి 16తో భాగిస్తే 625 వాట్లు. 40 వాట్ల యూనిట్ మీద అంత పడితే లోపలి డయాఫ్రం క్షణాలలో పోతుంది, ఆంప్లిఫయర్ కూడా ప్రమాదంలో పడుతుంది. ఒక్కో బాకాకు ఒక్కో లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మైకు దుకాణాలలో ఎల్‌ఎమ్‌టీ అని అడిగితే ఇస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక వైపు 100 వోల్టుల లైను, రెండవ వైపు 16 ఓముల టెర్మినల్‌కు యూనిట్. 40 వాట్ల ట్యాప్ (ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే టెర్మినల్) దగ్గర ఆ బాకా లైనుకు 250 ఓములుగా కనిపిస్తుంది.

ఇలా కలిపిన తరువాత ఓముల లెక్క అక్కరలేదు, వాట్లను కూడుకుంటే చాలు. గోడ స్పీకర్లు ఆరూ కలిపి 60, బాకాలు రెండూ కలిపి 80, మొత్తం 140 వాట్లు. మీ ఆంప్లిఫయర్ 250 వాట్లది. నూటికి ఎనభై వంతులకు మించి లోడు పెట్టకూడదన్న నియమం ప్రకారం 200 వరకు వెళ్ళవచ్చు. ఇంకా చోటుంది. అయితే 100 వోల్టుల టెర్మినల్‌ను వాడుతున్నప్పుడు అదే ఆంప్లిఫయర్ 8 ఓముల టెర్మినల్‌కు మరొక స్పీకర్‌ను తగిలించకండి; రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చినవే, లోడు రెండు వైపుల నుంచీ పడుతుంది.

ఇంత దూరానికి 100 వోల్టుల పద్ధతి ఎందుకు మేలో చెబుతాను. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 45 మీటర్లు వెళ్ళి వస్తే మొత్తం 90 మీటర్లు, దాని నిరోధం సుమారు 1.6 ఓములు. ఆ తీగ చివర 8 ఓముల స్పీకర్ ఉంటే దానికి చేరవలసిన శక్తిలో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అదే తీగ మీద 100 వోల్టుల పద్ధతిలో మీ 60 వాట్ల గోడ స్పీకర్లుంటే, ఆ లోడు సుమారు 167 ఓములు గనుక వోల్టేజిలో తగ్గేది నూటికి ఒక వంతే. అందువల్ల పీఏ ఆంప్లిఫయర్‌ను కూడా మండపంలోనే పెట్టి, 100 వోల్టుల తీగనే షెడ్డుకు లాగమని నా గట్టి సలహా. ఈ లైనులో షాకు కొట్టే వోల్టేజి ఉంటుంది గనుక ఆంప్లిఫయర్ ఆపకుండా కొసలు ముట్టుకోకండి, అతుకులు బయటికి కనిపించేలా వదలకండి.

బాకాలను గోడ స్పీకర్ల లైనులోనే ఉంచకుండా మధ్యలో ఒక స్విచ్ పెట్టుకోవడం మంచిది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. హరికథ ఆలస్యంగా ముగిసే రోజున బాకాలను ఆపి, మండపంలో మాత్రం తక్కువ శబ్దంతో నడుపుకోవాలంటే ఆ విభజన ముందే ఉండాలి. పరీక్షలకు చదువుకునే పిల్లలు, పసిబిడ్డల తల్లులు గుడి చుట్టుపక్కలే ఉంటారు గనుక ఈ విషయం నాకు ముఖ్యంగా తోస్తుంది.

నాదవీచి:

గుయ్యిమనే శబ్దానికి, మాయమైన గొంతుకు వేరువేరు కారణాలున్నాయి.

మిక్సర్ మండపంలోని ప్లగ్గు నుంచి, ఆంప్లిఫయర్ షెడ్డులోని ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. రెండు చోట్ల ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. మీరు లాగిన 45 మీటర్ల తీగ షీల్డు (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఆ రెండు ఎర్త్‌లను కలిపేసరికి దానిలో 50 హెర్ట్జ్‌ల కరెంటు ప్రవహించి, సిగ్నల్‌తో పాటు ఆంప్లిఫయర్‌లోకి వెళుతున్నది. వందవోల్టులు గారు చెప్పినట్టు రెండు ఆంప్లిఫయర్లను, మిక్సర్‌ను ఒకే స్విచ్ బోర్డు నుంచి నడిపితే ఇది చాలావరకు పోతుంది. ఆంప్లిఫయర్‌ను కదపడం కుదరకపోతే, దాని ఇన్‌పుట్ దగ్గర ఒకటికి ఒకటి నిష్పత్తి గల ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. సిగ్నల్ అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్త్‌ల మధ్య తీగ బంధం తెగిపోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేస్తే శబ్దం పోతుందని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. తడి కాళ్ళతో, తడి బట్టలతో పురోహితులు మైకు పట్టుకునే చోట అది ప్రాణానికే ముప్పు.

ఇక ఫోన్ సంగతి. ఫోన్ నుంచి వచ్చే స్టీరియో జాక్ కొసన ఎడమ సిగ్నల్, నడిమి వలయంలో కుడి సిగ్నల్ ఉంటాయి. మిక్సర్‌లోని పావు అంగుళం బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ మాత్రం కొసకు, వలయానికి మధ్యనున్న తేడాను మాత్రమే తీసుకుంటుంది. రికార్డింగులో గొంతును సాధారణంగా నడిమిన, అంటే రెండు వైపులా సమానంగా ఉంచుతారు. సమానమైన రెంటి తేడా సున్న. పక్కలకు సర్దిన సన్నాయి, డోలు మాత్రమే మిగులుతాయి. స్టీరియో జాక్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే కేబుల్ కొని రెండు చానెళ్ళలో పెట్టండి. ఒకే చానెల్ మిగిలి ఉంటే ఎడమ, కుడి తీగలకు చెరొక 1,000 ఓముల రెసిస్టరు వేసి, అవతలి కొసలను కలిపి మోనో జాక్ కొసకు సోల్డరు చేయండి. రెసిస్టర్లు లేకుండా నేరుగా కలిపితే, పైన చెప్పిన రెండు అవుట్‌పుట్‌ల పెనుగులాటే ఫోన్‌లో జరుగుతుంది.

గుడిమైకు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మీరు చెప్పినట్టే మార్చాను. పందిరి స్పీకర్లను కుడి చానెల్‌కు మార్చిన తరువాత రెండు గంటలు నడిపినా ఆంప్లిఫయర్ గోరువెచ్చగానే ఉంది. పీఏ ఆంప్లిఫయర్‌ను మండపంలోకి తెచ్చి ఒకే బోర్డుకు పెట్టగానే గుయ్యిమనడం ఆగింది. ఫోన్‌కు రెండుగా చీలే కేబుల్ తెచ్చాను, మంత్రాలు స్పష్టంగా ఉన్నాయి. ఎల్‌ఎమ్‌టీలు అమలాపురం నుంచి రేపు వస్తాయి.

ఒక్క లోపం మిగిలింది. పందిరి స్పీకర్లు మండపం స్పీకర్లకు 20 మీటర్ల వెనుక ఉన్నాయి. పందిరి చివర కూర్చుంటే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తున్నది. పైగా పందిరిలోని రెండు స్పీకర్ల నడుమ నిలబడితే డోలు శబ్దం బోలుగా ఉంది.

నాదవీచి:

మాట రెండుసార్లు వినిపించడానికి కారణం దూరం. మన వేసవి వేడికి శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు వెళుతుంది కనుక 20 మీటర్లకు 57 మిల్లీసెకన్లు పడుతుంది. పందిరి స్పీకర్‌లోకి కరెంటు రూపంలో మాట వెంటనే చేరుతుంది, మండపం నుంచి గాలిలో వచ్చే మాట ఆ తరువాత వస్తుంది. తేడా ఇంత ఉంటే చెవి రెండింటినీ విడదీసి వింటుంది. పందిరి చానెల్‌కు ముందు డిలే (సిగ్నల్‌ను కావాలని ఆలస్యం చేయడం) పెట్టగల ప్రాసెసరు గాని, డిలే సౌకర్యమున్న డిజిటల్ మిక్సర్ గాని ఉంటే 70 మిల్లీసెకన్లు పెట్టండి. ఆ 57కు పైన పదిపన్నెండు కలపడం వల్ల ముందు మండపం శబ్దం చేరి, మాట అక్కడి నుంచే వస్తున్నట్టు చెవి భావిస్తుంది. హెల్ముట్ హాస్ 1949లో పరిశీలించి చెప్పిన విషయమిదే. డిలే పరికరం దొరకకపోతే, పందిరి చివరకు మండపం శబ్దం అంతగా చేరకుండా మండపం కాలమ్‌లను కిందికి వంచి, వాటి వాల్యూము కొంచెం తగ్గించండి.

డోలు బోలుగా ఉండడం వేరే సంగతి. పందిరిలోని ఒక స్పీకర్‌కు తీగలు తారుమారై ఉంటాయి; ఒకదాని కోన్ ముందుకు వస్తుంటే రెండవది వెనక్కు పోతుంది, కింది స్వరాలు ఒకదానినొకటి చెరిపేసుకుంటాయి. ఆంప్లిఫయర్ నుంచి తీగలు విప్పి, ఆ కొసలకు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించండి. ప్లస్సు ఆనించిన తీగ ఏదైతే కోన్ ముందుకు కదులుతుందో, దానికి ఎర్ర టేపు చుట్టండి. రెండు స్పీకర్ల ఎర్ర తీగలనూ ఎర్ర టెర్మినల్‌కే బిగించండి.