అప్‌డేట్: తాతగారి మోడల్ టీకి చివరికి చెక్క ఫ్రేమే వేశాం

మా 1926 ఫోర్డ్ మోడల్ టీ కారుకి మద్రాసు వడ్రంగులు చేత్తో కట్టిన బాడీలో తలుపుల దగ్గరి చెక్క పుచ్చిపోయిందని, ఇనప పైపులు పెట్టొచ్చా అని అడిగాను కదా. పెట్టలేదు. గుంతల్లో ఈ బండి ఛాసిస్, అంటే బాడీ కింది ఇనప చట్రం, మెలితిరుగుతుంది. చెక్కయితే దాంతోపాటు కాస్త వంగుతుంది. ఇలాంటి బాడీలకు వాడే యాష్ అనే విదేశీ కలప ఇక్కడ దొరకలేదు, పాత ఇంటి దూలాల టేకు వాడాం. పుచ్చిన ముక్కల్నే అచ్చుగా పెట్టి కోశాడు మేస్త్రి. నేనేమో తొందరపడి, ఛాసిస్ లెవెల్ చూడకుండానే బోల్టులు బిగించేశాను. వెనక తలుపు పడితే ఒట్టు! మళ్లీ విప్పి, బాడీ కింద తోలు ముక్కలు పెడితే కుదిరింది. ఇంజిన్ సంగతి వేరే. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) మీద, స్పార్క్‌కి కరెంటు పుట్టించే 16 అయస్కాంతాల్లో పస తగ్గింది. ప్రస్తుతానికి బ్యాటరీతోనే స్టార్ట్ చేస్తున్నాం.