వాట్సాప్‌లో కౌన్సెలింగ్: క్లయింట్ల గోప్యత ఎక్కడ జారిపోతోంది?

కృష్ణాతీరం:
నాది ఒక్కరే నడుపుకునే కౌన్సెలింగ్ ప్రాక్టీసు. అపాయింట్‌మెంట్లు వాట్సాప్‌లో, ఫీజు యూపీఐలో, సెషన్ నోట్స్ ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో. వాట్సాప్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, అది చాలదా?

తెరచాప:
చాలదండీ. అది కాపాడేది సందేశం దారిలో ఉన్నంతసేపే. తర్వాత గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే బ్యాకప్‌కు తాళం విడిగా వేయాలి: సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ బ్యాకప్ ఇక తెరుచుకోదు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇంత చేసినా పని సగమే అయినట్టు. క్లయింట్ ఫోన్‌లో ఆ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే అవే మాటలు అటువైపు బ్యాకప్‌లో పడి ఉంటాయి. అందుకే వాట్సాప్‌లో తేదీ, సమయం తప్ప ఏమీ రాయొద్దని మొదటి సెషన్‌లోనే ఒప్పందం చేసుకోవాలి.

హ్యాకర్ల కంటే ముందు ఇంటి గురించి ఆలోచించండి. ఫోన్ అత్తగారి చేతిలో ఉండగా ‘రేపు కౌన్సెలింగ్’ అని నోటిఫికేషన్ వెలిగితే చాలు. ‘రేపు 5కి’ అని పంపండి. యూపీఐ నోట్ ఖాళీగా వదలమనండి. ఖాతా పేరులో ‘కౌన్సెలింగ్’ ఉంటే అది క్లయింట్ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ కనబడవచ్చు.

వేపచెట్టు:
నోట్స్ సంగతి. ల్యాప్‌టాప్‌లో వేరే యూజర్ పెట్టినా అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఫైళ్లు తెరవగలరు. వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిన ఫైల్‌లో పెట్టండి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌కు (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) దానంతటదే ఎక్కుతోందేమో చూడండి. నోట్స్‌లో పేరు బదులు కోడ్ రాయండి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా కాగితం మీద వేరేచోట ఉండాలి. ఫిన్లాండ్‌లో వాస్తామో సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగిలించినవాడు 2020లో రోగులకే నేరుగా మెయిళ్లు పెట్టి, 200 యూరోల బిట్‌కాయిన్ ఇవ్వకపోతే అన్నీ బయటపెడతానని బెదిరించాడు. పేర్లు, నోట్స్ ఒకేచోట దొరకబట్టే అది సాధ్యమైంది.

కృష్ణాతీరం:
ఫీజు కట్టే భర్తో తండ్రో ఫోన్ చేసి ‘ఏం చెప్పింది’ అని అడిగితే?

వేపచెట్టు:
ఫీజు కట్టినంత మాత్రాన హక్కు రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యతను రోగి హక్కుగా చెబుతుంది, 24 డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ దాన్ని వర్తింపజేస్తుంది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, రోగి తరఫున నామినేట్ అయిన ప్రతినిధి లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి కూడా అవసరమైనంత మేరకే. ‘ఆ క్లయింట్ నా దగ్గరికి వస్తున్నారు’ అని కూడా ఫోన్‌లో ఒప్పుకోకండి.